టీచరమ్మ తూకం

మా అంగన్‌వాడీ సెంటరులో తూకం మిషన్లు రెండు ఉన్నాయి. ఒకటి దూలానికి వేలాడదీసేది. దానికి గుడ్డ ఉయ్యాల తగిలించి పసిపిల్లల్ని కూర్చోబెడతాం. రెండోది నేలమీద పెట్టేది, గర్భిణుల కోసం. నేను ఆ సెంటరులో చేరిన నాటి నుంచి ఊళ్లో ప్రతి పిల్లనీ, కడుపుతో ఉన్న ప్రతి ఆడదాన్నీ తూచింది నేనే. ఎవరు ఎంత బరువున్నారో అడిగితే చూడకుండా చెప్పగలను. నా బరువు ఎంతో తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం ఊరికి ఒక్క ఏడాదే కలిగింది. ఇది ఆ ఏడాది సంగతి. కోపం తగ్గాక రాయమని మా చెల్లెలు చెప్పింది. తగ్గేదాకా ఆగితే ఇది ఎప్పటికీ రాయలేను.

నేను పుట్టింది చింతపల్లి వైపు. నన్ను ఇచ్చింది గూడెం కొత్తవీధి దాటాక, కాఫీ తోటల్లోంచి జీపు పైకెక్కే ఊరికి. మా ఆయనకి కొండవాలున కాఫీ, కాఫీ చెట్ల మధ్య మిరియం పాదులు ఉన్నాయి. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ఇంటర్ చదివిన కోడలు వచ్చిందని మొదట్లో ఆమె అందరికీ చెప్పుకునేది. తర్వాత అదే మాటని తిట్టుగా వాడడం మొదలుపెట్టింది.

మా అత్త చుట్ట కాలుస్తుంది. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లలాగే అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తుంది. చుట్టని బయటి వైపు తిప్పి పట్టుకుంటే మాట్లాడుతుందని, నిప్పు లోపల పెట్టుకుంటే ఇక మాట్లాడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె గొంతు దగ్గర నిమ్మకాయంత కాయ ఉంది. చిన్నప్పటి నుంచీ ఉందట. పాత రోజుల్లో ఈ కొండల్లో చాలామందికి ఉండేదని, దాంతోనే పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నామని గొప్పగా చెబుతుంది.

నాకు ముందు చలి పట్టుకుంది. లంబసింగి చలి చూడడానికి కింద నుంచి జనం కార్లేసుకుని వచ్చే కాలంలో నాకు చలి వేస్తోందంటే ఎవరు వింటారు? ఎండాకాలం మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని అరుగుమీద కూర్చున్నప్పుడు మాత్రం మా అత్త చూసింది. పని తప్పించుకోడానికి దుప్పటి కూడా దొరికిందా అని అడిగింది. జుట్టు రాలింది. గొంతు బొంగురుపోయింది. పిల్లలకి పాట నేర్పుతూ నేర్పుతూ నిద్రపోయేదాన్ని. ఘాటు రోడ్డు దిగి నర్సీపట్నం వెళ్లి ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించుకుంటే రక్తం తీయించి, థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని చెప్పాడు. రోజూ తెల్లారగానే ఖాళీ కడుపున ఒక మాత్ర, మంచినీళ్లతో. ఆ తర్వాత గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. కాఫీ పండించే ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. అయినా ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ తప్పు నా దగ్గరే వెతికారు. మొదటి సీసా అయిపోయేసరికి నేను మనిషినయ్యాను. గొంతు తిరిగి వచ్చింది. ఒళ్లు తేలికపడింది. సెంటరుకి మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సిన పని లేకపోయింది.

వానలు మొదలయ్యే ముందు మూడు సీసాలు ఒక్కసారే కొనుక్కొచ్చాను, వానల్లో ఘాటు రోడ్డు ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి. వానాకాలం మా ఇళ్లలో ఏదీ పొడిగా ఉండదు. బట్టలకి బూజు పడుతుంది, ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి వస్తుంది. అందుకే ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద వెదురు తడికతో అటక కడతారు. రోజంతా పొయ్యి రాజుతూనే ఉంటుంది గనక ఆ సెగకి, ఆ పొగకి అటక మీద పెట్టింది ఏదీ పాడవదు. వచ్చే ఏటికి దాచిన చోడి, అంటే రాగి విత్తనం, కంది విత్తనం, ఉప్పు, అగ్గిపెట్టెలు, ఎండుచేపలు, మా అత్త చుట్టలు, అన్నీ అక్కడే. ఇంట్లో విలువైనది ఏదైనా అటకెక్కుతుంది. నా మాత్రల సీసాలు మూడింటినీ మా అత్త గుడ్డలో చుట్టి అక్కడ పెట్టింది.

ప్రేమతోనే పెట్టిందని మా ఆయన ఇప్పటికీ అంటాడు. కావచ్చు. ప్రేమతో చేసిన పనిని నలుగురిలో చెప్పడానికి నోరెందుకు రాలేదో మాత్రం ఆయన చెప్పడు. ప్రతి తెల్లారీ అటకమీదికి చెయ్యి చాచి ఆ సీసా తీసుకున్నది నేనే కదా అంటారు. అవును, నేనే. మందు సీసాని ఎక్కడ ఉంచకూడదో నాకు చెప్పవలసినవాడు డాక్టరు. కాఫీ గురించి చెప్పిన నోటితో పొయ్యి గురించి చెప్పలేదు. తర్వాత కొన్న సీసాలు కూడా నేరుగా అటకెక్కాయి.

ఆ వానలు వెళ్లేసరికి నా జాకెట్లు పట్టడం మానేశాయి. సంక్రాంతి దాటేసరికి ఉంగరం వేలికి ఇరుక్కుపోయి సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. ఆ ఉంగరం మా అమ్మ ఇచ్చింది. నేను తిన్నది ఎక్కువేమీ లేదు. పొద్దున గ్లాసుడు చోడి అంబలి, మధ్యాహ్నం ఇంత అన్నం, సాయంత్రం ఒక్కోసారి అదీ లేదు. అయినా ఒళ్లు పెరుగుతూనే ఉంది.

ఎవరెవరు ఏమన్నారో నాకు వరసగా గుర్తుంది. చింతపల్లి టైలరు టేపు నా చుట్టూ తిప్పి, గుడ్డ ఇంకో ముక్క తెచ్చుకోమని చెప్పి, నేను గుమ్మం దాటకముందే పక్కవాడితో నవ్వాడు. జీపు డ్రైవరు, టీచరమ్మ ఎక్కాలంటే వెనక ఎవరో ఒకరు దిగాలని అన్నాడు. అందరూ నవ్వారు, దిగినవాడు కూడా. తోటలో పండు కోతకి వెళ్లినప్పుడు నేను వాలున ఆగి రొప్పుతుంటే, జారొద్దని, కింద మూడు చెట్లు కొత్తగా నాటానని మా ఆయన చెప్పాడు. అది హాస్యమని అప్పుడూ అన్నాడు, ఇప్పుడూ అంటాడు.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. రక్తం రిపోర్టు చూసి, మాత్ర పవరు పెంచి, నా వైపు చూడకుండానే చెప్పాడు:

"మందు నేను సరిగ్గానే ఇస్తున్నానమ్మా. లోపం మీ నోట్లో ఉంది. కట్టుకోండి."

వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్లకి వినబడేలా చెప్పాడు. నేను ఏం తింటున్నానో అడగలేదు. మాత్ర ఎలా వేసుకుంటున్నానో అడగలేదు. పవరు పెంచిన కొత్త సీసా కూడా గుడ్డలో చుట్టుకుని ఘాటెక్కింది, ఇల్లు చేరాక అటకా ఎక్కింది.

ఇక మా ఆయా సంగతి చెప్పాలి. సెంటరులో నాకు సాయంగా వంట చేసేది, ఊడ్చేది, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకొచ్చేది ఆమె. నాకంటే ముందు నుంచీ అక్కడ పనిచేస్తోంది. ఆమె కోడలు పదో తరగతి పాసై ఇంట్లో ఉంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువుకున్నవాళ్లకి మిగతాది నేను చెప్పనక్కర్లేదు.

ఒక తూకం రోజు రెండేళ్ల గుంటడిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఉయ్యాలలో కూర్చోబెడితే ముల్లు కిందటి నెల ఆగిన చోటే ఆగింది. అంతకు ముందు నెల కూడా అక్కడే ఆగింది. నేను ఆ తల్లికి చెప్పాల్సినవి చెబుతున్నాను. వెనక నుంచి ఆయా అంది:

"గుంటడి బరువు గుంటడికాడే ఉంది. మరి గుడ్లు ఏటౌతన్నాయో, పాలు ఏటౌతన్నాయో. ఎవలికాడ సేరతన్నాయో కళ్లకి కనబడతానే ఉంది గదా."

అక్కడున్న తల్లులందరూ నవ్వారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆమెకి నొప్పులొచ్చినప్పుడు వానలో డోలీ కట్టించి, రోడ్డు దాకా వెంట నడిచి, ఆసుపత్రిలో చేర్పించింది నేను. ఆ కొంగు రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ మాట ఊరంతా తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. సర్కారు గుడ్ల మీద రంగు ముద్ర ఉంటుంది. మా పెరట్లో చెత్తకుప్పని ఎవరో కర్రతో కెలికి పెంకుల కోసం వెతికారు. నేను సెంటరు నుంచి వచ్చేసరికి పెంకులు అరుగుమీద పరిచి ఉన్నాయి. అవి మా నాటుకోడి గుడ్లవి. ఒక్కదానిమీద కూడా ముద్ర లేదు. ముద్ర కడిగేసి ఉంటుందన్నారు.

చివరికి ఊరి పెద్ద సెంటరు వరండాలో అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన ముసలివాడు, పెద్దగా కేకలు వేయడు, అందుకే ఆయన మాట న్యాయంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆయన పెట్టిన పరీక్ష ఇది.

"టీచరమ్మని ఈయేల తూద్దుం. సామాన్ల గదికి కొత్త తాళం ఏసి సెవి ఆయమ్మకిద్దుం. నెల్లాళ్లు టీచరమ్మ సెంటర్ది ఏటీ ముట్టకూడదు. మళ్లీ తూకం నాడు ఎక్కాల. తగ్గిపోనాదనుకో, తిన్నట్టే. తగ్గకపోతే తిననట్టే."

తిన్నట్టు తేలితే ఊరంతా వేలిముద్రలు వేసి కాగితం పైకి పంపుతామని, ఉద్యోగం ఇంకొకరికి ఇమ్మని అడుగుతామని కూడా చెప్పాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. నాకు భయం లేదు. తిననిదాన్ని ఎలా తగ్గుతాను? కోపంతో చెప్పులు విడిచి నేనే మిషను ఎక్కాను. ఆయా వంగి చదివింది, అందరికీ వినబడలేదేమోనని ఇంకోసారి చదివింది. డెబ్బై ఎనిమిది.

"బస్తాన్నర కాఫీ" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. "ఎండబెడితే ఏపాటి మిగుల్తాదో సూద్దుం."

అది అన్నది ఎవరో నాకు తెలుసు. వాడి ఇద్దరు పిల్లలకీ మొదటి అక్షరం దిద్దించింది నేను.

ఆ వారంలోనే నా పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే, చింతపల్లిలో కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె నా మాత్రలు చూపించమంది. సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆమె మూత తీసి, వాసన చూసి, మొహం వెనక్కి తీసుకుంది. ఎండుచేపల వాసన వస్తోందేమిటని అడిగింది. సీసా ఎక్కడ పెడుతున్నానని అడిగింది. పొయ్యి మీద అటకలో అని చెప్పాను.

ఆమె నవ్వింది. నర్సుని పిలిచి సీసా చూపించింది. నర్సు కూడా నవ్వింది. తెల్లగా ఉండాల్సిన మాత్రలు అరచేతిలో పోసి చూపిస్తే పొగచూరిన గోడ రంగులో ఉన్నాయి. రోజూ చూస్తున్న నాకు ఆ తేడా ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. ఈ మందుకి వేడి అసలు పనికిరాదట. నెలల తరబడి ఆ సెగ తగిలి అందులో మందన్నది మిగలలేదని, ఏడాదికి పైగా నేను మింగింది సుద్దముక్కతో సమానమని చెప్పింది. బరువు పెరగడం, వాపు, గొంతు, నిద్ర, అన్నిటికీ కారణం అదేనంది. కొత్త సీసా రాసి, చల్లగా ఉండే చోట పెట్టమంది. తర్వాత నన్ను సంతోషపెడదామని కాబోలు, ఇలా అంది:

"ఒంట్లో అంతా నీరేనమ్మా. ఇది వేసుకుంటే నెల తిరిగేసరికి నాలుగైదు కేజీలు దిగిపోతారు, చూసుకోండి."

ఆ నెల తగ్గకుండా ఉండే మార్గం ఏదైనా ఉందా అని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆమె తప్పు లేదు. ఊరి పరీక్ష సంగతి ఆమెకి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

జీపులో వస్తూ నాకు అర్థమైంది. మందు వేసుకుంటే తగ్గుతాను. తగ్గితే గుడ్ల దొంగని. వేసుకోకపోతే నా పేరు నిలబడుతుంది, ఒళ్లు ఏమవుతుందో తెలియదు. దీన్నుంచి బయటపడే దారి ఒక్కటే ఉంది. మాత్రలు పొయ్యి మీద పెట్టింది తనేనని, అవి పాడైపోయాయని డాక్టరు చెప్పిందని, ఇప్పుడు మందు మారుతోంది గనక కోడలు తగ్గుతుందని మా అత్త ఊరి పెద్దకి చెప్పాలి. అదే మాట నేను చెబితే సాకు. కోడల్ని వెనకేసుకురాదని ఊరందరికీ తెలిసిన మనిషి చెబితే సాక్ష్యం.

ఇంటికి రాగానే చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చుట్ట బయటికి తిప్పే పట్టుకుంది.

"అయితే నానే సెడగొట్టినానంటావు."

"నువ్వు చెడగొట్టావని అన్లేదత్తా. నువ్వు పెట్టావని చెప్పు. అంతే."

"ఇన్నేళ్లు ఇత్తనం పెట్టినాను ఆ అటకమీద. ఒక్క గింజ సెడిపోనేదు. నా అటక మంచిదే. నీ మందే మంచిది కాదు."

"అదే చెప్పు. నీకు ఎలా తోస్తే అలా చెప్పు. పెట్టింది నువ్వని మాత్రం చెప్పు."

"నాకు ఈ కాయ పుట్టినకాడ్నించి ఉంది. ఒక్క మాత్ర మింగినేదు. ఏటైనాది నాకు?"

మర్నాడు పొద్దున్నే ఆమెనీ మా ఆయననీ వెంటబెట్టుకుని ఊరి పెద్ద ఇంటికి వెళ్లాను. అక్కడ ఆయా కూడా ఉంది. సామాన్ల గది తాళంచెవి కొంగుకి కట్టుకుని వచ్చి కూర్చుంది. నేను జరిగిందంతా చెప్పాను. పాత సీసా, కొత్త సీసా రెండూ ముందు పెట్టాను. ఊరి పెద్ద ఆ పాత సీసా మూత తీసి వాసన చూశాడు. ఎండుచేపల వాసన మా ఊళ్లో ఎవరికి కొత్త? మూత పెట్టేసి మా అత్త వైపు తిరిగాడు.

"ఏటమ్మా, నువ్వేనా అటకమీద ఎట్టినావు?"

మా అత్త చుట్ట తిప్పి నిప్పు కొస లోపల పెట్టుకుంది.

ఆయన ఇంకోసారి అడిగాడు. ఆమె నేల చూసింది. మా ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి పెరట్లో ఆరబోసిన మిరియాల వైపు చూశాడు. అవి ఎండాయా లేదా అన్నది ఆ క్షణంలో ఆయనకి ముఖ్యమైపోయింది. ఆయన నోరు తెరిచి, అవును, మా అమ్మే పెట్టింది అని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకు చేసిన మంచి పనులు నాకు గుర్తున్నాయి, కాదనను. అవన్నీ ఆ మిరియాల ముందు దిగదుడుపే.

"బేగి తగ్గిపోతానని ముందే తెలిసిపోనాది కావాల. కత అల్లుకొచ్చినాది" అంది ఆయా.

ఊరి పెద్ద ఆ మాటని ఖండించలేదు. తూకం నాడు చూద్దామన్నాడు.

కొత్త సీసాని నేను తెరవలేదు. నా ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేశాను. పాత సీసా పెంటకుప్పలో పారేశాను. ఆ నెలంతా ఏ మాత్రా వేసుకోలేదు. తెలివితక్కువ పని అని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. డాక్టరుకి తెలిసి ఉంటే ఆమె కూడా అదే అనేది. నేను తిననిదానికి దొంగనని ఒప్పుకోవడం కంటే ఏదైనా మేలే అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను.

ఆ నెల ఎలా గడిచిందో రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే సగం నాకు గుర్తులేదు. పొద్దున లేచేసరికి కళ్లమీద రెప్పలు బరువుగా ఉబ్బి ఉండేవి. నాలుక నోట్లో పట్టనట్టు ఉండేది. గొంతు మగవాడి గొంతులా మారింది. సెంటరులో నేను పాట చెబుతుంటే పిల్లలు నా గొంతుతోనే, అదే బొంగురుతో తిరిగి పాడేవారు. వాళ్లకి అది ఆట. ఆయా వాళ్లని ఆపలేదు. మెట్లు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చునేదాన్ని. దారిన వెళ్లేవాళ్లు చూసి పలకరించకుండా వెళ్లేవారు. ఉపవాసం ఉండి తగ్గడానికి చూస్తోందని ఒకరన్నారు. దొంగతనంగా తిని పెరగడానికి చూస్తోందని ఇంకొకరన్నారు. రెండూ ఒకే అరుగుమీద కూర్చున్నవాళ్లే అన్నారు.

తూకం నాడు వరండా నిండింది. పండగకి కూడా అంతమంది రారు. ఆయా ముందు తను ఎక్కి మిషను సరిగ్గా ఉందని చూపించింది. ఆమె వెదురు గెడలా ఉంటుంది. తర్వాత నేను ఎక్కాను. ఈసారి ఆయా చదవలేదు. ఊరి పెద్దే వంగి చదివాడు. ఎనభై రెండు.

ఎవరూ నవ్వలేదు. నేను మిషను దిగకుండా అక్కడే నిలబడి, తప్పయిందని చెప్పమని పెద్దని అడిగాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"తప్పేటుందమ్మా ఇందులోన. తూసినాం. తేలిపోనాది గదా."

అంతే. నాకు దక్కింది అంత. జనం లేస్తున్నారు. నేను ఆ గుంటడిని ఉయ్యాలలో కూర్చోబెట్టి తూచమన్నాను. వాళ్లమ్మ ఇష్టం లేకుండానే కూర్చోబెట్టింది. ముల్లు పాత చోటే ఆగింది. తాళంచెవి ఆయా కొంగున ఉన్న నెలలో కూడా గుంటడు పెరగలేదు, మరి ఈ నెల గుడ్లు ఎవరు తిన్నారని గట్టిగా అడిగాను. ఆయాని ఎవరూ అడగలేదు, మిషను ఎక్కమని కూడా అనలేదు. ఆమె సన్నగా ఉంది. దొంగ లావుగా ఉంటాడని వాళ్ల లెక్క. ఆ గుంటడికి కడుపులో ఏదో జబ్బు ఉందని, తిన్నది ఒంటికి పట్టడం లేదని తర్వాత విశాఖపట్నం ఆసుపత్రిలో తేలింది. వాళ్లమ్మ ఆ సంగతి అందరికీ చెప్పింది, నాకు తప్ప.

కొత్త తాళం తీసేయమన్నాను. కొన్నది కొన్నాం కదా, ఉండనీ అన్నాడు పెద్ద. అప్పటి నుంచి సామాన్ల గదికి రెండు తాళాలు. ఒక చెవి నాది, ఒకటి ఆయాది.

ఆ సాయంత్రమే ట్రంకు పెట్టె తెరిచాను. మర్నాడు తెల్లారి మొదటి మాత్ర వేసుకున్నాను. కాఫీ పండు కోత ముగిసేసరికి నా జాకెట్లు వదులయ్యాయి. ఉంగరం మళ్లీ వేలికి వచ్చింది. చెట్టు చెట్టుకీ ఆగకుండా వాలు ఎక్కాను. లేడీ డాక్టరు చెప్పిందంతా నిజమైంది. నేను భయపడింది కూడా నిజమైంది. ఒక రోజు తోటలో, మిరియం పాదుల అవతల ఇద్దరు కోత కూలీలు మాట్లాడుకోవడం విన్నాను.

"టీచరమ్మ సగమైపోనాది సూసినావా?"

"అవదేటి. రెండు తాళాలు ఏసినాక ఇంకేటి తింతాది?"

ఇప్పుడు ఊరు నమ్మేది ఇదే. పరీక్ష నెలలో ఇంట్లో దాచుకున్నది తిని మోసం చేసిందట, తర్వాత రెండు తాళాల దెబ్బకి ఆరిపోయిందట. వేలిముద్రల కాగితం కూడా ఎవరో పంపారు. సూపర్‌వైజర్ మేడమ్ జీపు దిగి, లావుగా ఉన్న టీచరు కోసం చుట్టూ చూసి, నన్ను చూసి, ఏం డైట్ చేశారండీ అని అడిగింది. ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది. నా ఉద్యోగం నిలబెట్టింది నా నిజాయితీ కాదు, నా నడుము.

నేను రాజీనామా చేస్తానని ఆయా ఇంకా ఎదురుచూస్తోంది. ఆమె కోడలికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్లిద్దరినీ ప్రతి నెలా తూచేది నేనే.

పోయిన ఏడు మా అత్తకి అంబలి కూడా మింగుడు పడడం మానేసింది. గొంతు దగ్గర కాయ పెరిగింది. మొహం ఉబ్బింది. ఎండలో దుప్పటి అడిగింది. నేను దుప్పటి ఇచ్చాను, ఏమీ అనలేదు. చింతపల్లి తీసుకెళితే అదే లేడీ డాక్టరు రక్తం చూసి, నాకు రాసిన మాత్రే ఆమెకీ రాసింది. సీసా ఎక్కడ పెట్టాలో నాకు చెప్పబోయి, నన్ను గుర్తుపట్టి ఆగింది.

సీసా నా ట్రంకు పెట్టెలో ఉంటుంది. తాళంచెవి నా నడుముకి ఉంటుంది. రోజూ తెల్లారగానే మంచినీళ్ల గ్లాసు, మాత్ర పట్టుకుని ఆమె ముందు కూర్చుంటాను. ఆమె చుట్ట తీసి పక్కన పెడుతుంది. నేను మాత్ర అరచేతిలోనే ఉంచుకుంటాను. నోట్లో ఇప్పుడు నిప్పు లేదు, మాట్లాడడానికి అడ్డేమీ లేదు. నేను దేనికోసం ఆగానో ఆమెకి తెలుసు. నా చేతి వైపు చూస్తుంది, పొయ్యి వైపు చూస్తుంది, తర్వాత ఏమీ అనకుండా నోరు తెరుస్తుంది. అప్పుడు మాత్ర వేసి నీళ్లు అందిస్తాను. ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఇది జీవితాంతం వేసుకోవాల్సిన మందని డాక్టరు చెప్పింది. నాకూ తొందరేమీ లేదు.